డెబియన్ శాఖలు, విడుదలలు

డెబియన్ ప్రపంచవ్యాప్తంగా స్వచ్ఛంద కార్యకర్తలు నిర్వహించే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్. దీన్ని 1993 ఆగస్టు 16న ఇయాన్ మర్డాక్ ప్రకటించాడు. సి-డాక్ రూపొందించిన భారతీయ వ్యవస్థ బాస్ లినక్స్‌కు ఇదే ఆధారం.

శాఖలు: డెబియన్‌కు ప్రధానంగా మూడు శాఖలున్నాయి: అన్‌స్టేబుల్, టెస్టింగ్, స్టేబుల్. పోతన, వేమన ఫాంట్లున్న తెలుగు ఫాంట్ల ప్యాకేజీకి కొత్త వెర్షన్ తయారైందనుకుందాం. అది ముందు 'సిడ్' అనే శాశ్వత పేరున్న అన్‌స్టేబుల్‌లో చేరుతుంది. సాధారణంగా రెండు నుంచి పది రోజుల్లో తీవ్రమైన కొత్త లోపాలేవీ బయటపడకపోతే, అది ఆధారపడే ప్యాకేజీలూ సిద్ధంగా ఉంటే, దానంతటదే టెస్టింగ్‌లోకి వెళ్తుంది.

విడుదల: సుమారు రెండేళ్లకోసారి టెస్టింగ్‌ను 'ఫ్రీజ్' చేస్తారు. అప్పటి నుంచి కొత్త హంగులు చేర్చడం ఆపి, లోపాలు సరిదిద్దడం మీదే దృష్టి పెడతారు. అది పూర్తయ్యాక టెస్టింగే కొత్త స్టేబుల్ అవుతుంది. డెబియన్ 12 'బుక్‌వర్మ్' 2023 జూన్ 10న, 13 'ట్రిక్సీ' 2025 ఆగస్టు 9న ఇలాగే వెలువడ్డాయి. విడుదల పేర్లన్నీ 'టాయ్ స్టోరీ' సినిమాల పాత్రలవే.

వినియోగం: స్టేబుల్‌లో వెర్షన్లు పాతబడినా, భద్రతా సవరణలు మూడేళ్లు, దీర్ఘకాలిక మద్దతుతో మొత్తం ఐదేళ్లు అందుతాయి. అందుకే సర్వర్లకు, కార్యాలయాలకు స్టేబుల్ అనువైనది. అన్‌స్టేబుల్‌ను ఎక్కువగా డెవలపర్లు వాడతారు.