మెరుగు పెరిగింది, గొంతు తగ్గింది

లివర్‌పూల్ రేవుపట్టణపు కుర్రవాళ్లు నలుగురు, బీటిల్స్, 1963 ఫిబ్రవరి 11న ఒక్కరోజులోనే పది పాటలు రికార్డు చేశారు. నేలమాళిగ క్లబ్బుల్లో జనం ఎదుట పాడిన ఉడుకు వాటిలో ఉన్నది. 1966 ఆగస్టులో వారు కచేరీ పర్యటనలు మానుకొని స్టూడియో చేరారు. నెలల తరబడి శ్రమించి 1967లో తెచ్చిన 'సార్జెంట్ పెప్పర్'ను లోకం నెత్తిన పెట్టుకున్నది. మరుసటేడు గ్రామీ బహుమతీ దక్కింది. న్యూయార్క్ టైమ్స్‌లో రిచర్డ్ గోల్డ్‌స్టీన్ నిరాశ ప్రకటిస్తే పాఠకులు ఆగ్రహించారు.

ఆయన నిరాశ అకారణం కాదు. ఇల్లు విడిచిన అమ్మాయి పాటలో జీవితం ఉన్నది, నిజమే. పెక్కుచోట్ల మాత్రం శబ్దాలంకారమే మిగిలింది. శిల్పం పెరగటం దోషం కాదు. ఎదుట నిలిచి బదులు పలికే జనం లేకపోవటమే లోటు. మన కవులకూ ఇది వర్తించదా?