గ్రంథమునకు రెండవ ప్రతి

తాళపత్రముల కాలమున గ్రంథముల ఆయువు లేఖకుల చేతిలో నుండెను. చెదలు, తేమ, అగ్ని ఒక ప్రతిని హరించినను, వేరొక ఊర దాని ప్రతి యున్నచో ఆ గ్రంథము నిలిచెడిది. 19వ శతాబ్దమున సి.పి. బ్రౌను దొర వ్రాతప్రతులను సేకరించి, కడపలో పండితులను నియమించి, వానిని సరిపోల్పించి శుద్ధప్రతులు వ్రాయించెను. నేడు తెలుగువారికి దక్కిన ప్రాచీన గ్రంథములలో పెక్కింటికి ఆ శ్రమయే రక్ష.

అచ్చుయంత్రము వచ్చిన పిమ్మటను భయము తొలగలేదు. పాత పత్రికల కాగితము పొడియైనచో, పుస్తకరూపము పొందని కథలు దానితోనే నశించును. ఇది గ్రహించి కాళీపట్నం రామారావు గారు 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళమున కథానిలయమును నెలకొల్పిరి. అచ్చట చేరిన కథలకు కంప్యూటరు ప్రతులు తీసి, అంతర్జాలమున నుంచుటచే దూరదేశములందలి పాఠకులకును అవి అందుచున్నవి.

కంప్యూటరు ఫైలునకు చెద పట్టదు. అయినను హార్డు డిస్కు చెడిపోవుటకు క్షణము చాలును. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుపానులు ఉత్తరాంధ్రమును కలచివైచినవి. ఒకే గదిలో నున్న రెండు ప్రతులు ఒకే వరదలో పోవును. కావున మూలము కాక మరి రెండు ప్రతులుండవలెను. వానిలో నొకటి వేరొక ఊర నుండవలెను. ఏటేట తెరచి, చదువ వీలగుచున్నదో లేదో చూడవలెను.

గ్రామ గ్రంథాలయము తన పుస్తకముల పట్టికను, సభల ఛాయాచిత్రములను, ఊరి కవుల వ్రాతలను ఇట్లు ప్రతి తీయించి పొరుగూరి గ్రంథాలయమున దాచినచో, స్వర్ణోత్సవము నాటి పాఠకులకు నేటి చరిత్ర చెక్కుచెదరక అందగలదు.