కొండాపూర్ ఏ జిల్లాలోనిది? విజ్ఞాన సర్వస్వముల విశ్వసనీయత

ప్రాచీన ప్రతుల పాఠభేదాలను పోల్చి చదువుటకు అలవాటుపడిన మనకు ఈ ప్రశ్న కొత్తది కాదు. సంగారెడ్డి సమీపమందలి కొండాపూర్‌నే తీసుకొందము. నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ 1940వ దశకపు తొలి యేండ్లలో ఇక్కడ త్రవ్వకాలు జరుపగా శాతవాహనుల నాణెములు, బౌద్ధ కట్టడాల శిథిలములు బయల్పడ్డాయి. 2016 అక్టోబరుకు ముందు అచ్చయిన ఏ సర్వస్వమైనా ఈ ఊరిని మెదక్ జిల్లాలోనే చూపాలి. అది పొరపాటు కాదు, అచ్చునకు గల హద్దు. కొమర్రాజు లక్ష్మణరావు గారు మూడు సంపుటాలు వెలువరించి, ‘అ’కారమైనా దాటకమునుపే 1923లో కన్నుమూశారు. అయినను ఆ పుటలకు బాధ్యుడెవరో మనకు తెలుసు.

2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియాలో జిల్లా పేరును ఎవరైనా దిద్దవచ్చు. హైదరాబాదు కొండాపూర్ సంగతులను ఇందులో కలిపివేయనూ వచ్చు. దిద్దుబాట్ల చరిత్ర కనబడుతుంది గాని, దిద్దినవారి అసలు పేరు కనబడకపోవచ్చు.

2005లో ‘నేచర్’ పత్రిక 42 విజ్ఞానశాస్త్ర వ్యాసాలను పరిశీలింపజేయగా వికీపీడియాలో వ్యాసానికి సుమారు నాలుగు, బ్రిటానికాలో మూడు తప్పులు తేలాయి. బ్రిటానికా 2006లో దీనిని ఖండించింది. ఆ పరిశీలన ఆంగ్ల వ్యాసములది. వాటిని దిద్దే చేతులు అనేకం. కొద్దిమందే చూచే తెలుగు గ్రామ పుటకు ఆ లెక్కను అన్వయించుట తగదని మా అభిప్రాయము. అట్టి పుటలో జిల్లా పేరును సరిచూచుకొనవచ్చు. త్రవ్వకాల సంగతులకు మాత్రం పురావస్తు శాఖ నివేదికనే ఉదాహరించాలి.