శ్రీలంక విడిదిళ్లు – మన మండువా లోగిళ్లు



కోస్తాలో మండువా లోగిలి, కన్నడనాట తొట్టి మనె, కేరళలో నాలుకెట్టు. పేర్లు వేరైనా ఇంటి నడుమ ఆకాశానికి తెరిచి ఉంచిన చోటు ఒక్కటే. మీ తాతలనాటి ఇల్లు అలాంటిదైతే దాని గుణం మీకు తెలిసే ఉంటుంది. మండువాలో వేడెక్కిన గాలి పైకి పోతుంది. ఆ ఖాళీలోకి వసారా నీడన చల్లబడిన గాలి వచ్చి చేరుతుంది. కిందికి వాలిన చూరు ఎండనూ జడివాననూ గోడల దాకా రానివ్వదు. అలాంటి ఇళ్లను పడగొట్టి నేడు స్లాబు ఇళ్లు కట్టుకుంటున్నాం. మరి పాత పద్ధతి కొత్త కాలానికి పనికిరాదా?

ఈ ప్రశ్నకు శ్రీలంకలో ఒక వాస్తుశిల్పి కట్టి చూపిన జవాబు ఉంది. ఆయన పేరు జెఫ్రీ బావా. 1919లో కొలంబోలో పుట్టారు. మొదట న్యాయవాది. 1948లో బెంతోట దగ్గర లునుగంగ అనే తోట కొన్నారు. దాన్ని తీర్చిదిద్దాలన్న కోరికే ఆయనను ఈ విద్య వైపు నడిపించింది. లండన్‌లో చదివి, 1957లో, 38వ ఏట వాస్తుశిల్పి అయ్యారు.

అప్పట్లో ఆధునికత అంటే చదును కప్పు, తెల్లగోడలు, అద్దాలు. చలిదేశాల్లో పుట్టిన ఆ తీరు మన ఎండావానలకు ఆగదు. బావా ఒక చక్కని ఉపాయం వాడారు. సిమెంటు రేకులు పరచి, వాటిపైన నాటు గూనపెంకులు పేర్పించారు. రేకు కురవకుండా కాస్తుంది, పెంకు ఎండ కాస్తుంది. 1969లో పూర్తయిన బెంతోట బీచ్ హోటలును నీటికొలను ఉన్న ముంగిలి చుట్టూ కట్టారు. లోపలి కప్పుకు ఈనా డి సిల్వా బాతిక్ బట్టలు అలంకరించారు.

అసలు పరీక్ష కందలమ హోటలుతో వచ్చింది. యజమానులు సిగిరియ కొండ పాదం వద్ద స్థలం చూపితే బావా వద్దన్నారు. దూరాన, పురాతనమైన కందలమ చెరువు పక్కనున్న కొండవాలును ఎంచుకున్నారు. చెరువు పాడవుతుందని నిరసనలు వచ్చాయి. భవనాన్ని స్తంభాలపై లేపి, వాననీరు కిందుగా చెరువుకు పారేలా కట్టారు. 1994లో తెరిచారు. దానికి పెంకుకప్పు లేదు, ఉన్నది కాంక్రీటే. అయినా కొండరాయి నడవలోకి చొచ్చుకొస్తుంది, నడవాలు గాలికి తెరిచి ఉంటాయి, తీగలు గోడలను కప్పేశాయి.

సంప్రదాయమంటే పెంకూ చెక్కస్తంభమూ కాదు. గాలితో, నీడతో, నీటితో కుదుర్చుకున్న ఒడంబడిక అన్నమాట.

మద్రాసులోని కన్నెమరా హోటలుకు కూడా 1970లలో ఈయనే కొత్తరూపు ఇచ్చారు. 2001లో ఆగాఖాన్ పురస్కారం ఆయనను వరించింది. 2003లో కన్నుమూశారు. ఆయన లునుగంగ ఇల్లు నేడు కొద్దిమంది అతిథులకు విడిది.

మనం మూసేసిన మండువా గాలి కోసమే ఇవాళ యాత్రికులు డబ్బిచ్చి మరీ విడిదిళ్లకు వెళుతున్నారు. అందుచేత, పాత ఇల్లు విప్పే ముందు అది ఏ పని చేసిందో ఒక్కసారి గమనించండి. గోడలు కొత్తవైనా సరే, ఆ పనిని మాత్రం పోనివ్వకండి.