బోర్లు లెక్కపెట్టారు, నీళ్లు చూడలేదు

విదేశీ సాయం మేలు చేసిందో లేదో ఇచ్చినవాడి లెక్కల పుస్తకం చూసి తేల్చలేం. బంగ్లాదేశ్ బోరింగుల చరిత్ర చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. 1970ల దాకా అక్కడి పల్లెలు చాలావరకు చెరువు నీళ్లే తాగేవి. కలరా, విరేచనాలతో పసిపిల్లలు పోయేవారు. యూనిసెఫ్, ప్రభుత్వ ప్రజారోగ్య ఇంజినీరింగ్ శాఖ కలిసి ఊరూరా తక్కువ లోతు బోర్లు వేసి చేతిపంపులు బిగించాయి. ఖర్చు తక్కువ కావడంతో జనం సొంత డబ్బుతో ఇళ్ల ముంగిట లక్షలకొద్దీ వేయించుకున్నారు. దేశంలో దాదాపు అందరికీ మంచినీళ్లు అందాయని చెప్పుకున్నారు. 1993లో ఆ నీళ్లలో ఆర్సెనిక్ బయటపడింది. అరచేతులు, అరికాళ్లు కాయలు కాచి, ఒంటిమీద మచ్చలొచ్చినవాళ్లు ఊళ్లలో కనిపించసాగారు. ముప్పు 3.5 కోట్ల నుంచి 7.7 కోట్ల మందికి ఉందని 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో అచ్చయిన ఒక వ్యాసం అంచనా కట్టింది.

ఆర్సెనిక్ కోసం పరీక్షించే ఆనవాయితీ అప్పట్లో లేదంటారు. 1970ల మటుకు ఒప్పుకుందాం. (భూమిలోని నీళ్లే ఎముకల్ని వంచేస్తాయని మన నెల్లూరు జిల్లా ఫ్లోరైడ్ 1937లోనే చెప్పిందనుకోండి.) కానీ 1983లో కలకత్తా చర్మవైద్యుడు కె.సి. సాహా పశ్చిమ బెంగాల్ రోగుల్లో ఆర్సెనిక్ జబ్బును గుర్తించారు. సరిహద్దుకు అటూ ఇటూ ఉన్నది ఒకే ఒండ్రుమట్టి. అయినా 1992లో బ్రిటిష్ సాయం డబ్బుతో బ్రిటిష్ జియలాజికల్ సర్వే బంగ్లాదేశ్ బోరు నీళ్లను పరీక్షించినప్పుడు ఎన్నో మూలకాలను చూసింది గానీ ఆర్సెనిక్ జోలికి పోలేదు. చేపలకూ మనుషులకూ హాని ఉందేమో చూడటం ఆ పనిలో భాగమే మరి! బాధితుడొకరు లండన్‌లో దావా వేస్తే, అక్కడి నీటి సరఫరా ఆ సంస్థ చేతిలో లేదు కాబట్టి బాధ్యత లేదని 2006లో హౌస్ ఆఫ్ లార్డ్స్ కొట్టేసింది. చట్టం దృష్టిలో అది సబబే కావచ్చు. అయితే డబ్బు ఇచ్చింది, ఏం పరీక్షించాలో ఎంచుకున్నది అంతా పైవాళ్లే. తాగేవాళ్లను అడిగిందెవరు?

విరేచనాల చావులు తగ్గాయి కదా అన్నది ఇంతకన్నా గట్టి వాదన. తగ్గాయి, నిజమే. కానీ ఢాకాలోనే రూపుదిద్దుకున్న ఓఆర్‌ఎస్ పల్లెలకు చేరిందీ ఆ కాలంలోనే. పుణ్యమంతా బోర్ల ఖాతాలో రాయడం కుదరదు. అలాగని బోర్లన్నీ మూసేస్తే జనం మళ్లీ చెరువుకే పోవాలి. అందుకే ఆ తర్వాత దాదాపు 50 లక్షల బోర్లను పరీక్షించి, లీటరుకు 50 మైక్రోగ్రాములు దాటిన పంపులకు ఎరుపు, మిగతావాటికి ఆకుపచ్చ రంగు వేశారు. సుమారు 14 లక్షలకు ఎరుపు పడింది. చాలాచోట్ల ఎర్ర పంపుకు కాస్త దూరంలోనే పచ్చ పంపు ఉంది. ఇన్నేళ్ల సాయంలో బిందె పట్టుకెళ్లే ఇల్లాలికి అన్నిటికన్నా పనికొచ్చింది, నా లెక్కలో, ఆ డబ్బా రంగే. తర్వాత, ఆర్సెనిక్‌ను తప్పించుకోవడానికి, లోతు బోర్ల వంతు వచ్చింది. ప్రభుత్వం కొత్తగా వేసేవాటిలో సగం ఎక్కడ వేయాలో పార్లమెంటు సభ్యుల మాటే చెల్లుతోందని 2016లో హ్యూమన్ రైట్స్ వాచ్ బయటపెట్టింది.