పుప్పొడియు, ముక్కుపొరయు

ఆశ్వయుజ కార్తికములలో తెనాలి, రేపల్లె ప్రాంతముల వరిచేలు వెన్ను తీయును. గట్లమీది గడ్డియు పూచును. ఆ దినములలో కొందరు పిల్లలకు తెల్లవారగానే వరుసగా తుమ్ములు వచ్చి ముక్కు నీరు కారును. మంచులో తిరిగి పడిశము తెచ్చుకొన్నాడని పెద్దలందురు. కాని జ్వరము లేదు. కన్నులు, ముక్కు దురదపెట్టును. వారములో పోవలసినది నెల దాటినను పోదు. మరుసటి ఏడు మరల అదే కాలమునకు వచ్చును. దీనిని మామూలు పడిశమని ఎంచరాదు.

1819లో జాన్ బోస్టాక్ అను వైద్యుడు ఇట్టి రోగి నొకనిని గూర్చి లండను వైద్యసభలో వ్యాసము చదివెను. ఆ రోగి ఆయనయే. ఎనిమిదవ ఏటినుండి ప్రతి జూన్ నెలలోను ఆయనకిదే బాధ. ఎండయే కారణమని ఆయన తలంచెను. జనులు మాత్రము ఎండుగడ్డిని తప్పుపట్టి, 'గడ్డిజ్వర'మని పేరు పెట్టిరి. ఆ పేరులో గడ్డి సగము నిజము. జ్వరము పూర్తిగా అబద్ధము.

నిజము తేల్చినవాడు మాంచెస్టరు వైద్యుడు చార్లెస్ బ్లాక్లీ. ఆయనకును ఈ బాధ కలదు. పూతకాలము కాని దినములలో పుప్పొడిని తన ముక్కులోనే వేసికొని తుమ్ములు తెప్పించుకొనెను. జిగురు పూసిన గాజుపలకలను గాలిలో నుంచి, గాలిపటములకు కట్టి పైకి పంపి, అంటిన రేణువులను లెక్కించెను. ఆ ఫలితములు 1873లో గ్రంథరూపమున వెలువడినవి. మన పాఠశాల మేడమీద కూడ ఈ ప్రయోగము చేయవచ్చును. గాజుపలక, కొంచెము వాజిలీను, సూక్ష్మదర్శిని యున్న చాలును.

బాపట్ల తీరమున సరుగుడు తోటలు గలవు. సరుగుడు పూతకు రేకులు లేవు, వాసన లేదు. తేనెటీగకు అక్కడ పని లేదు. పుప్పొడిని గాలికే వదలును. వరియు గడ్డిజాతిదే. నింద మాత్రము మల్లెపూవు మీద పడుచుండును, పాపము!

ఇక ముక్కు లోపల జరుగునది చూతము. అచ్చటి తడిపొరకు నూగువంటి సన్నని కేశికలుండి, అంటిన దుమ్మును గొంతువైపు నెట్టుచుండును. వరి పుప్పొడి రేణువు మిల్లీమీటరులో సుమారు ఇరువదియైదవ వంతు. అంత పెద్దది గనుక ఊపిరితిత్తుల దాక పోక చాలవరకు ముక్కులోనే చిక్కును. తడి తగులగానే దానినుండి మాంసకృత్తులు వెలువడును. పెక్కుమందికి దీనివలన ఏమియు కాదు. కొందరి శరీరము మాత్రము వాటిని శత్రువులుగా నెంచి ప్రతిరక్షకములను ముందే తయారుచేసి యుంచును. అవి పొరలోని మాస్ట్ కణములను అంటిపెట్టుకొని యుండును. పుప్పొడి తాకిన నిమిషములలో ఆ కణములు హిస్టమిన్‌ను విడుచును. నాడులు రేగి తుమ్ములు వచ్చును. రక్తనాళములు ఉబ్బి, నీరూరి, దారి మూసికొనును. కొన్ని గంటల పిమ్మట రక్తమునుండి మరికొన్ని కణములు వచ్చి చేరుటచే వాపు నిలిచిపోవును. అట్లు వాచిన పొరకు మరునాడు కొద్ది పుప్పొడియే చాలును. గాలిలో పుప్పొడి తగ్గినను బాధ తగ్గకుండుటకు ఇది యొక కారణము.

వియన్నా వైద్యుడు పిర్కే 1906లో 'ఎలర్జీ' అను మాటను కల్పించెను. 1910లో డేల్, లైడ్లాలు హిస్టమిన్ ప్రభావమును వర్ణించిరి. ఆ ప్రతిరక్షకమేదో 1966లో గాని తెలియలేదు. డెన్వరులో పనిచేయుచుండిన జపాను దంపతులు ఇషిజాకాలు దానిని గుర్తించిరి.

మందు అంతకు ముందే వచ్చినది. హిస్టమిన్‌ను అడ్డు మందులకు 1937లో దారి చూపిన డేనియల్ బోవే 1957లో నోబెల్ బహుమతి నందెను. తొలినాటి ఆ మందులు నిద్రమత్తు కలిగించును. తరగతిలో కునుకుపాట్లు పడు విద్యార్థిని సోమరి యనుటకు ముందు ఏ మాత్ర మింగినాడో ఉపాధ్యాయుడు అడుగవలెను. దిబ్బడ విడిపించు చుక్కలను వారము మించి వాడినచో పొర మరింత వాచును. 1970 దశకమునుండి వాడుకలోనున్న స్టిరాయిడ్ తుంపర మందు వాపును బాగుగా అణచును గాని పూర్తి ఫలమునకు కొన్ని దినములు పట్టును. అందుచే ఏటేటా బాధపడువారు చేలు వెన్ను తీయక ముందే వైద్యుని చూచుట మేలు.