తిరుమల గుళ్లో తోడరమల్లు ఎవరు?

శ్రీవారి ఆలయంలో మహాద్వారం దాటగానే కుడిపక్కన దేవేరులతో నిలిచిన శ్రీకృష్ణదేవరాయలను పోల్చుకోని తెలుగువాళ్లు ఉండరు. మరికాస్త లోపల, తిరుమలరాయ మండపంలో ఇంకో ముగ్గురున్నారు. లాలా తోడరమల్లు, తల్లి మాతా మోహనదేవి, భార్య పీతాబీబీ. క్యూలో కదులుతూ వీళ్లెవరని ఎవరైనా అడిగితే, అక్బరు మంత్రి తోడర్‌మల్ అనే జవాబు తరచూ వినిపిస్తుంది.

ఆ మాట తేదీల ముందు నిలవదు. అక్బరు కొలువులో భూమిశిస్తు లెక్కలు సరిదిద్దిన తోడర్‌మల్ 1589లో లాహోరులో చనిపోయాడు. అప్పుడు తిరుమల అరవీటి వెంకటపతిరాయల ఏలుబడిలో ఉంది. అక్బరు సేనలు దక్కనులోని అహ్మద్‌నగర్ కోటను పట్టిందే 1600లో. గోల్కొండ మొగలుల వశమైంది ఔరంగజేబు కాలంలో, 1687లో. ఆ తర్వాతే కంచి, తిరుపతి ఉన్న కర్ణాటక సీమ మీదికి మొగలుల యుద్ధం దిగింది.

మన తోడరమల్లు ఆ యుద్ధకాలపు మనిషి, కర్ణాటక సీమలో మొగలుల తరఫు సేనాని. ఆయన ఆచూకీ కంచిలో దొరుకుతుంది. దండు వస్తుందన్న భయంతో 1688లో కంచి వరదరాజస్వామి మూర్తులను అర్చకులు రహస్యంగా ఊరు దాటించారు. శవయాత్రలా నటిస్తూ మోసుకెళ్లారని అక్కడ చెప్పుకుంటారు. మూర్తులు ఉడయార్‌పాళయం అడవుల్లోకి చేరాయి. ఊళ్లో నెమ్మది కుదిరాక కూడా, ఏళ్ల తరబడి కొలిచిన స్వామిని వదులుకోవడానికి అక్కడి పాలెగాడికి మనసొప్పలేదు. అప్పుడు వైష్ణవ సన్యాసి ఆత్తాన్ జీయరు ఈ సేనానిని ఆశ్రయించాడు. తోడరమల్లు బలగంతో కదిలాడు. శక సంవత్సరం 1632లో, అంటే 1710లో, స్వామి కంచికి తిరిగొచ్చాడు. వరదరాజస్వామి ఆలయంలో ఆ సంగతి చెప్పే శాసనం ఉంది. తల్లీ భార్యలతో తోడరమల్లు ప్రతిమలూ ఆ గుళ్లో ఉన్నాయి. తిరుమలలో ఉన్న ముగ్గురే అక్కడా ఉన్నారు. ఇంతకన్నా గట్టి రుజువు ఇంకేం కావాలి?

శాసనం చెప్పేది కంచి సంగతే. తిరుమల కొండను సైతం దాడుల నుంచి ఆయనే కాపాడాడన్నది జనం నోట ఉన్న కథ. దాన్ని కథగానే ఉంచాలి. అయితే శాసనం చెప్పినంత వరకే తీసుకున్నా ఆయన చిన్నవాడేమీ కాదు. ఏ సైన్యానికి భయపడి దేవుణ్ని దాచారో ఆ పక్షం సేనానే దేవుణ్ని వెనక్కి తెచ్చాడు! అక్బరు పేరు తగిలించగానే ఈ అసలు విశేషమంతా చెరిగిపోతుంది. ఢిల్లీ పాదుషా మంత్రి మన కొండకొచ్చి మొక్కాడంటే వినడానికి గొప్పగానే ఉంటుంది. కానీ ఒకరి కష్టానికి మరొకరికి దండం పెట్టడం అన్యాయం.

ఆ ప్రతిమల పక్కన కంచి శాసనం సంగతి, 1710 అన్న అంకె ఒక పలక మీద రాసిపెడితే భక్తులకు మేలు చేసినట్టవుతుంది.